తెగిన వేలికి 48 గంటల గడువు

రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక, కర్మాగారాల శాఖల మంత్రులకు నమస్కారం.

నా ఎడమచేతి మధ్యవేలికి పై రెండు కణుపులు లేవు. 1923 నాటి పరిహార చట్టం పట్టికలో వాటి లెక్క 9 శాతం. అంటే నా సంపాదన శక్తిలో నూటికి తొమ్మిది వంతులు పోయినట్టు. చూపుడువేలు మొత్తం పోతే 14, బొటనవేలు పోతే 30. కణుపు కణుపుకూ ఇంత ఓపికగా లెక్క కట్టిన పట్టికను నేను తప్పుపట్టను. ఆ 9 శాతం తాలూకు పైసా కూడా నాకు అందలేదు, అదీ నా గొడవ. ఎందుకంటే కాగితాల ప్రకారం నాకు ప్రమాదమే జరగలేదు.

2006లో కార్ల సీట్ల కింద బిగించే బ్రాకెట్లు కొట్టే ఒక షెడ్డులో పనిచేసేవాణ్ని. దాని పేరు చెప్పను, ఆ ఒక్క షెడ్డు మీద పగతో రాస్తున్న ఉత్తరం కాదిది. ముప్పై టన్నుల పవర్ ప్రెస్సు, కాలితో తొక్కే పెడల్. తొక్కితే ర్యామ్ అనే బరువైన దిమ్మ పైనుంచి దిగి రేకును కొడుతుంది. ఎడమచేత్తో రేకు ముక్కను డైలో, అంటే కింది అచ్చులో, పెట్టాలి, పెడల్ తొక్కాలి, కుడిచేత్తో బ్రాకెట్ తీసి ట్రేలో వేయాలి. గంటకు 600. రాత్రి షిఫ్టులో తెల్లవారుజామున మూడు గంటలప్పుడు నూనె జిడ్డుకు ఒక ముక్క డైకి అతుక్కుంది. వేలితో నెట్టాను. కాలు పెడల్ మీద లేదు. ఈ మాట ఎవరి మీద ఒట్టు వేసి చెప్పమన్నా చెబుతాను. అయినా ర్యామ్ మళ్లీ దిగింది.

నొప్పి ఆలస్యంగా తెలిసింది. ముందు తెలిసింది చప్పుడులో తేడా. రేకు తెగేటప్పుడు వచ్చే టక్కుమనే శబ్దం బదులు, తడిగుడ్డ మీద కర్ర పడ్డట్టు ఒక మొద్దు చప్పుడు. చూసుకుంటే గ్లౌజు చినగలేదు. మధ్యవేలి కొస మాత్రం ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది.

దీన్ని మా ప్రెస్ షాపుల్లో డబుల్ స్ట్రోక్ అంటారు. పాత ప్రెస్సుల్లో కీ క్లచ్ ఉంటుంది. ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. పెడల్ తొక్కగానే ఆ కీ, ర్యామ్‌ను నడిపే షాఫ్టును ఫ్లైవీల్‌కు తగిలిస్తుంది, ర్యామ్ ఒకసారి దిగి పైకి వెళ్లగానే విడిపించాలి. కీ అరిగినా, దాని స్ప్రింగు విరిగినా విడవదు. ఎవరూ తొక్కకుండానే ర్యామ్ ఇంకోసారి దిగుతుంది. పైగా ఈ క్లచ్ ఒకసారి తగులుకుందంటే చుట్టు పూర్తయ్యేదాకా మధ్యలో ఆపే దారి లేదు.

ఈ చివరి మాటను మీ అధికారులు గుర్తు పెట్టుకోవాలి. కొన్నేళ్ల తర్వాత ఇంకో షెడ్డులో, సరుకు కొనే కంపెనీ నుంచి ఆడిట్‌కు మనుషులు వస్తున్నారని తెలిసి యజమాని కీ క్లచ్ ప్రెస్సుకే లైట్ కర్టెన్ సెన్సర్ బిగించాడు. చెయ్యి అడ్డు పడితే సెన్సర్ సిగ్నల్ ఇస్తుంది, నిజమే. కానీ దిగుతున్న ర్యామ్‌ను ఆ సిగ్నల్ ఆపలేదు. ఆ సెన్సర్ పనికొచ్చేది గాలితో పట్టి విడిచే న్యుమాటిక్ క్లచ్, బ్రేకు ఉన్న ప్రెస్సుకే. కీ క్లచ్ ప్రెస్సుకైతే చెయ్యి లోపలికి దూరకుండా గట్టి కంచె ఉండాలి. వచ్చినవాళ్లు పచ్చదీపం వెలగడం చూసి, టిక్కు పెట్టుకుని, టీ తాగి వెళ్లిపోయారు.

వేలు పోయిన రాత్రి నన్ను స్కూటర్ మీద ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు తీసుకెళ్లి కుట్లు వేయించారు. మర్నాడు సూపర్‌వైజర్ ఇంటికి వచ్చి, "ఊరికే వచ్చి కూర్చో, హాజరు వేస్తాం, జీతం తెగదు" అన్నాడు. మంచివాడే, నిజంగానే నా మేలు కోరి చెప్పాననుకున్నాడు. స్టోర్‌రూమ్‌లో కూర్చుని మూడు వారాలు కుడిచేత్తో వాషర్లు లెక్కపెట్టాను. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, ఒక్క రోజు కూడా గైర్హాజరు లేదు. అప్పట్లో వాళ్లకు దండం పెట్టుకున్నాను కూడా.

ఆ దయ వెనుక ఉన్న లెక్క తెలియడానికి ఆరేళ్లు పట్టింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షన్ ప్రకారం గాయపడిన మనిషి 48 గంటలు లేదా అంతకు మించి పని చేయలేకపోతే ఆ ప్రమాదం గురించి అధికారులకు తెలియజేయాల్సి ఉండేది. చట్టం అన్నది 'పని చేయలేకపోతే' అని. షెడ్లలో చదువుకున్నది 'హాజరు పడకపోతే' అని. హాజరు పడింది కాబట్టి ప్రమాదం లేదు. ప్రమాదం లేదు కాబట్టి ఈఎస్ఐకి, అంటే కార్మికుల బీమా సంస్థకు, రిపోర్టు లేదు. రిపోర్టు లేదు కాబట్టి మెడికల్ బోర్డు లేదు, అంగవైకల్యపు పింఛనూ లేదు.

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ప్రమాదాలు తెలియజేయడం గురించిన 10వ సెక్షన్ ఆశగా తెరిచి చూశాను. అక్కడా అదే 48 గంటలు.

విచిత్రం ఏమిటంటే, ఇదే కోడ్ 'తీవ్రమైన శరీర గాయం' అంటే ఏమిటో నిర్వచించింది. శరీరంలో ఏ భాగమైనా శాశ్వతంగా పోవడం, చివరికి వేలి ఎముక విరగడం కూడా అందులోకి వస్తుంది. యజమాని తన బాధ్యత విస్మరించినందువల్ల అలాంటి గాయమైతే ఏడాది వరకు జైలు లేదా 2 లక్షల నుంచి 4 లక్షల రూపాయల జరిమానా, లేదా రెండూ. శిక్ష రాసిన చోట వేలు తెగడం తీవ్రమైన విషయం. తెలియజేయమన్న చోట మాత్రం మనిషి 48 గంటలు మంచాన పడ్డాడా లేదా అన్నదే విషయం. తెలియని నేరానికి శిక్ష ఎవరు వేస్తారు?

నేను రాస్తున్నది ఢిల్లీకి కాకుండా మీకు కావడానికి కారణం ఉంది. అదే 10వ సెక్షన్‌లో, 48 గంటల మాట పక్కనే, సంబంధిత ప్రభుత్వం నిర్దేశించిన స్వభావం గల ప్రమాదాలన్నిటినీ తెలియజేయాలని కూడా ఉంది. ప్రైవేటు ఫ్యాక్టరీలకు ఆ సంబంధిత ప్రభుత్వం మీదే. మీ నియమావళిలో ఒక్క వాక్యం, ఏ అడ్డదారికీ చోటు లేకుండా ఉండాలి: శరీర భాగం ఎంత కొంచెం తెగిపోయినా, ఆ మనిషి గంట తర్వాత వచ్చి పనిలో కూర్చున్నా సరే, తెలియజేయాల్సిందే. ఆ ఫారంలో రెండు గళ్లు కలపండి: ప్రెస్సుకు ఏ రకం క్లచ్, ప్రమాదం జరిగినప్పుడు ఏ రకం కంచె ఉంది. కుట్లు వేసిన ఆసుపత్రి నుంచి కూడా మీ శాఖకు ఒక సమాచారం రావాలి. షెడ్డు మూసిపెట్టినా ఆసుపత్రి రిజిస్టరు చెబుతుంది.

కొన్ని ప్రెస్సులకు పెడల్ బదులు రెండు మీటలు ఉంటాయి, రెండు చేతులూ వాటి మీద ఉంటే ర్యామ్ కిందికి పోవని. "కార్మికులే రెండు మీటల్లో ఒకదాన్ని కట్టేస్తారు, మేమేం చేయాలి?" అని యజమానులు మీకు చెబుతారు. కడతారు. నేనూ కట్టాను, సైకిల్ ట్యూబు ముక్కతో. రెండు చేతులతో రెండు మీటలు నొక్కుతూ గంటకు 600 కొట్టడం కుదరదు, లక్ష్యం మాత్రం 600 దగ్గరే ఉంటుంది. రెండు మీటలనూ అర సెకను తేడా లోపల నొక్కితేనే ప్రెస్సును కదలనిచ్చే రిలే అనే స్విచ్చు బిగించి ఉంటే, కట్టేసినా ప్రెస్సు కదలదు. అలాంటి రిలేలు బజారులో దొరుకుతున్నాయి.

పెనుకొండలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారవుతున్నాయి. నాకూ గర్వమే. ఆ పెద్ద గేట్ల లోపల రోబోలు ఉంటాయి. నేను చెబుతున్నది విడిభాగాల వరుసలో మూడో మెట్టు, నాలుగో మెట్టు షెడ్ల గురించి, అంటే విడిభాగాలు ఇచ్చేవాళ్లకు మళ్లీ ముక్కలు చేసి ఇచ్చే చిన్న షెడ్ల గురించి. విద్యుత్తుతో నడిచే షెడ్డు ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి పాత చట్టంలో 10 మంది చాలు, ఇప్పుడు 20 మంది కావాలి. గురుగ్రామ్ పరిసరాల్లో గాయపడిన ఆటో విడిభాగాల కార్మికుల గురించి సేఫ్ ఇన్ ఇండియా అనే సంస్థ 2019 నుంచి నివేదికలు ఇస్తోంది. వాటిలో పదేపదే కనిపించే యంత్రం పవర్ ప్రెస్సే. మన దగ్గర అలా కూర్చుని లెక్కపెట్టినవాళ్లు నాకు తారసపడలేదు.

ఇప్పుడు నేను డై సెట్టర్‌ని, అంటే ప్రెస్సుల్లో డైలు బిగించేవాణ్ని. కొత్తగా వచ్చే కుర్రాళ్లకు ప్రెస్సు ముట్టుకోకముందే ఈ వేలు చూపిస్తాను. మీ ఇన్‌స్పెక్టర్లలో ఎవరినైనా ఒక పూట పంపండి, కీ క్లచ్ కవరు విప్పి అరిగిన కీ ఎలా ఉంటుందో చూపిస్తాను. పది నిమిషాల పని. రాత్రి షిఫ్టుకు వస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక డై సెట్టర్