పూల మందని అమ్మి ఆకులు పెంచారు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: "నెల రోజుల్లో చెట్టు నిండా పూలు" అని రాసి అమ్ముతున్న మీ కిలో ఎరువు ప్యాకెట్ మీద ఫిర్యాదు

అయ్యా,

మాది హన్మకొండ. ఇంటి ముందు ఏడేళ్ల పారిజాతం చెట్టుంది. నిరుడు వానాకాలం మొదలు దసరా దాటేదాకా రోజూ పూసింది. పారిజాతాలను కొమ్మ మీంచి తెంపరు కదా, నేల రాలినవే దేవుడికి పెడతారు. అందుకని మా అత్తమ్మ రాత్రే చెట్టు కింద పాత చీర పరిచేది. తెల్లారేసరికి ఇత్తడి పళ్లెం నిండేది. ఈసారి ఇంకొన్ని ఎక్కువ పూస్తాయని ఆశపడి జూన్‌లో 480 రూపాయలు పెట్టి మీ ప్యాకెట్ కొన్నాను. బాగా పూసే చెట్టుకు మందెందుకమ్మా అంటే నా దగ్గర జవాబు లేదు. ప్యాకెట్ మీద బొమ్మ అలా ఉంది మరి.

మీరు రాసినట్టే లీటరు నీళ్లకు 5 గ్రాములు కలిపి, వారానికోసారి ఐదు లీటర్లు పోశాను. చెట్టు ఏపుగా పెరిగింది. కొమ్మలు గోడ దాటి పక్కింట్లోకి వెళ్లాయి. ఆగస్టు సగమైనా ఒక్క మొగ్గ లేదు. మీ నంబర్‌కు ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి అది ఏ చెట్టు, ఎండ ఎంతసేపు పడుతుంది, ఆకులెలా ఉన్నాయి అని ఏదీ అడగలేదు. "డోసు సరిపోలేదు మేడమ్, డబుల్ చేయండి" అన్నాడు. చేశాను. మూడు వారాల్లో ఆకుల అంచులు మాడిపోయి రాలడం మొదలైంది.

వినాయక చవితికి మా తమ్ముడు వచ్చాడు. నర్సంపేట దగ్గర పత్తి వేస్తాడు. ప్యాకెట్ తిప్పి చూస్తే అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 30:10:10 అని ఉంది. "అక్కా, ఇది పూల మందెట్లయితది? పత్తికి యూరియా ఎక్కువైతే చెట్టు మనిషెత్తు పెరుగుతది, పూత నిలవదు. గిదీ గంతే" అన్నాడు.

అంటే కిలోలో 300 గ్రాములు నత్రజనే. భాస్వరం, పొటాష్ చెరో 100 గ్రాముల లెక్క. నత్రజని పెంచేది ఆకును, కొమ్మను. అది ఎక్కువైతే చెట్టు పెరగడంలోనే ఉండిపోతుంది, మొగ్గ తొడగదు. డోసు రెట్టింపు చేస్తే మట్టిలో లవణాలు పెరిగి వేర్లు నీళ్లు పీల్చలేవు, అందుకే అంచులు మాడాయి. ఎరువులు అమ్మే కంపెనీకి ఇది తెలియదంటే నేను నమ్మను. ఇదే ప్యాకెట్‌ను లాన్ గడ్డికని అమ్మితే నాకు పేచీ లేదు. నీడ వల్ల పూయలేదంటారేమో, చెట్టు నిరుడున్న చోటే ఉంది, చుట్టుపక్కల కొత్త మేడలేవీ లేవలేదు.

ఇంకో మాట. పెరట్లో నాలుగేళ్ల సంపెంగ ఉంది, ఇంకా పూయలేదు. అందులో మీ తప్పేం లేదు. గింజతో మొలిచిన సంపెంగకు పూత రావాలంటే ఏళ్లు పడుతుంది, అంటు మొక్కైతే తొందరగా పూస్తుంది. కానీ ఆ ఫోన్‌లోనే దాని సంగతి అడిగితే, గింజ మొక్కా అంటు మొక్కా అని కూడా అడక్కుండా "మన మందు వేయండి, నెలలో పూస్తుంది" అన్నారు. అదృష్టం బాగుండి దానికి వేయలేదు.

బతుకమ్మ తొమ్మిది రోజులూ గడిచాయి. గునుగు, తంగేడు అంటే బజార్లో కొనుక్కున్నాం. పొద్దెక్కితే వాడిపోయే పారిజాతాలను ఎవరమ్ముతారు? అత్తమ్మ ఈ ఏడు పాత చీర మడత విప్పలేదు. నన్నేమీ అనలేదు, అదే ఇంకా బాధ.

నా 480 రూపాయలు వాపసు ఇవ్వండి. అంతకంటే ముఖ్యం, ప్యాకెట్ ముందు వైపు నత్రజని శాతం పెద్దక్షరాల్లో వేయండి, "నెల రోజుల్లో పూలు" అన్న మాట తీసేయండి, ఫోన్‌లో డోసు పెంచమని చెప్పడం ఆపండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం నేనుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు.

బిల్లు, ఫొటోలు జతచేశాను. ప్యాకెట్‌లో ఇంకా 600 గ్రాముల పైనే మిగిలింది. తీసుకోవడానికి ఎవరినైనా పంపితే, పనిలో పనిగా చెట్టును కూడా చూసి వెళ్లమనండి.

ఇట్లు,
మీ వినియోగదారురాలు,
హన్మకొండ