పైకెత్తిన యూనిట్‌ని మళ్లీ కిందికి దింపించాను, మీ తేదీలు మారాయి

నమస్తే అండీ. ఈ ఆషాఢంలో ఏహెచ్‌యూ, అంటే ఏసీ చల్లగాలిని బిల్డింగ్‌లోకి పంపే పెద్ద పెట్టె, మార్పించుకోవడానికి మాకు అడ్వాన్స్ ఇచ్చిన నలుగురికీ ఈ కబురు. మీ పనులు ఐదు రోజులు వెనక్కి జరుగుతున్నాయి. తప్పు నాదే. ఫోన్లో ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పేకన్నా జరిగింది జరిగినట్టు రాస్తే మేలనిపించింది.

మొన్న ఉప్పల్ వైపు ఒక ఫంక్షన్ హాల్లో పని. పెళ్లిళ్లు ఉండవు కాబట్టి హాళ్లవాళ్లంతా ఆషాఢంలోనే పెట్టుకుంటారు. మన హైదరాబాద్‌లో వానలు, ఈదురుగాలులు, బోనాలు కూడా ఆ నెలలోనే. మూడో అంతస్తు పైన టెర్రస్ మీదికి కొత్త యూనిట్ ఎక్కించాలి. పగలు ఆ రోడ్డులో క్రేన్ నిలబెట్టే పరిస్థితి లేదు, రాత్రి పదకొండింటికి మొదలుపెట్టాం.

యూనిట్ మూడు ముక్కలుగా వచ్చింది. ఫిల్టర్ సెక్షన్ తేలిక, పది నిమిషాల్లో ఎక్కేసింది. అక్కడే నాకు ధైర్యం ఎక్కువైంది. తర్వాతది ఫ్యాన్ సెక్షన్, 650 కిలోలు. నేల నుంచి నాలుగడుగులు లేచిందో లేదో టక్‌మని చప్పుడు. "అన్నా, ఆపియ్యి! రేకు ఒంగుతుంది సూడు" అని మా ఫోర్‌మన్ అరిచాడు. టార్చ్ వేసి చూస్తే, పెట్టెను క్రేన్ హుక్కుకు వేలాడదీసిన బెల్టు పైఅంచు మీద నొక్కుకుపోయి ఉంది. అల్యూమినియం మూల ఊడి, రెండు రేకుల మధ్య పసుపురంగు ఫోమ్ బయటికి కనిపిస్తోంది.

బెల్టులు నిటారుగా ఉంటే బరువు చెరిసగం పంచుకుంటాయి, ఒక్కోదాని మీద 325 కిలోలు. అవే 45 డిగ్రీలకు వాలితే ఒక్కోదాని మీద 460 పడుతుంది. అంతకన్నా చెడ్డది ఇంకొకటి ఉంది. రెండు వైపుల నుంచీ 325 కిలోల బలం పెట్టెను లోపలికి నొక్కుతుంది. పలచటి రేకు ఆ నొక్కుడుకి ఆగదు. అందుకే పైన ఒక ఇనుప బీమ్ వేలాడదీసి, దాని రెండు చివరల నుంచి బెల్టులు నిటారుగా దించాలి. ఆ బీమ్ ఆ రాత్రి కూకట్‌పల్లి సైట్లో ఉండిపోయింది. తెప్పించాలంటే గంటన్నర. "పర్లేదు, కానివ్వండి" అన్నది నేనే.

బెల్టులు అంతలా ఎందుకు వాలాయంటే, పొట్టివి కట్టాం. పొట్టివి ఎందుకంటే హుక్కు చాలినంత ఎత్తుకు రాలేదు. హాలు పక్కనే 11 కేవీ కరెంటు లైన్ ఉంది, బూమ్ (క్రేన్ చెయ్యి) ఇంకా లేపితే వైర్లకు దగ్గరవుతుంది. సైట్ చూడటానికి వెళ్లిన రోజు టెర్రస్ ఎత్తు కొలిచాను, స్లాబ్ కింద బీములు ఎక్కడున్నాయో చూశాను, ఆ వైర్లను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడికి ఇది క్షమించదగ్గ పొరపాటు కాదు.

దింపించేశాను. హాల్ ఓనర్‌గారు టెన్షన్ పడ్డారు, శ్రావణం మొదటి ముహూర్తానికి బుకింగ్ ఉందాయనకు. ఒంగిన ప్యానెల్ కొత్తది వస్తోంది. ఈసారి ముందే ఎల్‌సీకి, అంటే లైన్‌లో కరెంటు ఆపమని కరెంటువాళ్లకు, అప్లై చేశాం. లైన్ ఆపి, లైన్‌మన్ ఎర్త్ రాడ్ తగిలించాకే బూమ్ లేస్తుంది. ప్యానెల్ ఖర్చు, రెండో రాత్రి క్రేన్ కిరాయి రెండూ నావే. మీలో ఎవరి బిల్లులోనూ కలపను.

ఒక కస్టమర్ ఫోన్ చేసి, పైకెక్కించాక టెస్టింగ్ రెండు రోజులని రాశారు కదా, అది ఒక పూటలో తేల్చేస్తే కొంత కలిసొస్తుంది కదండీ అన్నారు. అడగడంలో తప్పు లేదు. కాకపోతే పోయినేడాది నేను అలాగే తేల్చేసిన చోట ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ ఫాల్స్ సీలింగ్ తడిసి ముద్దయింది. గాలి చల్లబడేటప్పుడు కారే నీళ్లు యూనిట్ లోపలి ట్రేలో పడి డ్రెయిన్ పైపులోంచి పోతాయి. ఆ పైపుకి యూ ఆకారంలో వంపు ఉండాలి, అందులో నీళ్లు నిలవాలి. ఫ్యాన్ లాగే గాలికి తగ్గ లోతు లేకపోతే పైపులోంచి గాలి లోపలికి ఎదురొస్తుంది, ట్రేలో నీళ్లు బయటికి పోవు. నిండి పొర్లుతాయి. ఫ్యాన్ ఆపి చూస్తే గడగడా పోతాయి, కాబట్టి ఆపి చూసినవాడికి తప్పు దొరకదు. అక్కడ నేను ఆపే చూశాను. ఇప్పుడు బకెట్‌తో నీళ్లు పోసి, ఫ్యాన్ పూర్తి స్పీడులో నడుస్తుండగా గంటసేపు చూస్తాం.

మిగతావి చిన్నవే, కానీ వదలం. ఫ్యాన్ కింద స్ప్రింగులు కదలకుండా ఫ్యాక్టరీలో బిగించే బోల్టులు తీయడం మర్చిపోతే మీ టెర్రస్ కింది గదంతా గుంయ్‌మంటుంది. కరెంటు ఫేజు వైర్లు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది. వింత ఏమిటంటే అప్పుడు కూడా గాలి ముందుకే వస్తుంది, కాకపోతే తక్కువగా. చల్లదనం చాలట్లేదని కస్టమర్ ఆరు నెలలు అనుకుంటూ ఉంటారు. లోపలికి మనిషి వెళ్లేముందు మెయిన్‌కి తాళం, ఆ తాళంచెవి వెళ్లినవాడి జేబులో. ఫ్యాన్ స్పీడు మార్చే డ్రైవ్‌లో కరెంటు తీసేశాక కూడా కొన్ని నిమిషాలు చార్జి ఉంటుంది, అంతసేపూ ఎవరూ ముట్టుకోరు. మా కుర్రాళ్లు బయట కూర్చుని ఫోన్ చూసుకుంటుంటే ఖాళీగా ఉన్నారనుకోకండి, ఆ నిమిషాలు గడవాలనే కూర్చుంటారు.

ఇక తేదీలు. ఉప్పల్ హాల్ ఈ శుక్రవారం రాత్రి. ఆది, సోమవారాల్లో లష్కర్ బోనాలు, సికింద్రాబాద్ వైపు క్రేన్ వెళ్లదు, మా కుర్రాళ్లు కూడా సెలవు అడిగారు, ఇచ్చాను. సికింద్రాబాద్ హోటల్ వారికి మంగళవారం రాత్రి, కూకట్‌పల్లి జిమ్ వారికి గురువారం, మెహిదీపట్నం వారికి ఆ తర్వాతి శనివారం. గాలి గట్టిగా వీస్తే ఇవి కూడా మారతాయి. వేలాడే పెట్టె గాలిపటంలా తిరుగుతుంది, కింద తాడు పట్టుకున్నవాళ్లు ఆపలేకపోతే ఆ రాత్రికి పని ఆపేస్తాం.

మీ బిల్డింగ్ ముందు కరెంటు వైర్లు ఉంటే, క్రేన్ నిలబడే చోటు నుంచి పైకి ఒక ఫొటో తీసి పంపండి. రేపు, ఎల్లుండి నేను మూడు చోట్లకూ స్వయంగా వచ్చి మళ్లీ కొలుస్తాను. అడ్వాన్స్ వెనక్కి కావాలన్నా చెప్పండి, కోత లేకుండా ఇచ్చేస్తాను.