ఉప్పు కడగకుండా రంగు వేస్తే ఏం లాభం?

ఎడిటర్ గారికి,

సముద్రతీరంలో వానకు తడిసి ఇనుము పాడైపోతోందని మీ పత్రికలో చదివాను. దీవుల్లో స్టీలు కట్టడాల రంగు పనులు తనిఖీ చేయడం నా ఉద్యోగం. నేను చూసినంతలో అక్కడ వాన ఇనుముకు మేలే చేస్తుంది, పేరుకున్న ఉప్పును కడిగేస్తుంది. ఏ రెయిలింగైనా పట్టుకుని చూడండి. పైన నున్నగానే ఉంటుంది. అడుగున వేళ్లు పెడితే పొలుసులు రాలతాయి, అక్కడికి వాన తగలదు మరి.

దీవికి నాలుగు వైపులా సముద్రమే కాబట్టి ఎటు నుంచి వీచినా ఉప్పుగాలే. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. గాలిలో తేమ 33 శాతం దాటితే చాలు, అది చెమ్మ పీల్చుకుని కరుగుతుంది. మామూలు ఉప్పుకైతే 75 శాతం కావాలి. అందుకే ఎండ కాసే రోజు కూడా ఇనుము మీద కంటికి కనపడని తడి ఉంటుంది. ఎక్కడి గాలి లోహాన్ని ఎంత తినేస్తుందో తరగతులుగా చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9223. అందులో అన్నిటికన్నా తీవ్రమైన తరగతి సీఎక్స్. అలాంటి చోట మామూలు స్టీలు మొదటి ఏడాదిలోనే 200 నుంచి 700 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరిగిపోతుంది.

అసలు నా గోడు ఈ రంగు పనుల టెండర్ల గురించి. ఎన్ని కోటింగులు, ఎంత మందం అన్నీ రాస్తారు. ముందు మంచినీటితో కడగాలని, ఉప్పు ఎంత మిగిలిందో చూడాలని నా చేతికొచ్చిన చాలా టెండర్లలో లేదు. వైర్‌బ్రష్‌తో రుద్దితే పైకి మెరుస్తుంది కానీ గుంటల్లో ఉప్పు ఎక్కడికీ పోదు. పైన ఎంత ఖరీదైన ఎపాక్సీ (గట్టి రెసిన్ రంగు) వేసినా, అడుగున మిగిలిన ఉప్పు ఆ పూత గుండానే నీటిని లోపలికి లాగేస్తుంది. ఈమధ్య ఒక మెట్లదారి అడుగున బొబ్బ కనపడితే చాకు మొనతో గుచ్చాను. నీటిచుక్క జారింది, కింద ఇనుము నల్లబడి ఉంది. రంగు వేసి ఏడాది కూడా కాలేదు. కాంట్రాక్టర్ మాత్రం ‘పెయింటే బాలేదండీ’ అన్నాడు!

ఉప్పు ఎంత మిగిలిందో చూసే పరీక్ష ఏమంత కష్టం కాదు. బ్రెస్లే ప్యాచ్ అనే చిన్న బిళ్ల అతికించి, సిరంజితో శుద్ధమైన నీరు ఎక్కించి, వెనక్కి లాగి, ఆ నీటిలో ఉప్పు ఎంతుందో మీటరులో చూడడమే. (స్టెయిన్‌లెస్ వాడితే ఈ టెన్షన్ ఉండదంటారు కొందరు. మామూలుగా వాడే 304 రకం స్టెయిన్‌లెస్ మీద గోధుమరంగు మరకలు, సూదిమొనంత గుంటలు వాళ్లు చూసినట్టు లేదు.)

టెండరు రాసే ఇంజనీర్లు కడగడానికి, ఈ పరీక్షకు విడిగా బిల్లు పెట్టాలి. కడిగి ఆరాక, మళ్లీ ఉప్పు చేరకముందే, అదే రోజు ప్రైమర్ (అడుగు పూత) పడాలని కూడా రాయాలి.

ఇట్లు,
ఒక పెయింటింగ్ ఇన్‌స్పెక్టర్