నాగావళి సహజ ప్రవాహాన్ని లెక్కగట్టండి: జలవనరుల శాఖ అధికారికి బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లా జలవనరుల శాఖ సూపరింటెండింగ్ ఇంజినీరు గారికి,

నమస్కారం. శ్రీకాకుళం వద్ద నాగావళిలో కొలిచే నీరు, తోటపల్లి బ్యారేజీ, నారాయణపురం ఆనకట్ట, నాగావళి ఉపనది సువర్ణముఖిపై ఉన్న మడ్డువలస జలాశయం తమకు కావలసింది తీసుకున్నాక మిగిలినది మాత్రమే. దానినే నది దిగుబడిగా భావించి కొత్త కేటాయింపులు చేయడం ఆయకట్టు చివరి రైతుకూ నదికీ కూడా నష్టం.

కొలిచిన ప్రవాహానికి ఎగువన కాలువలకు, ఎత్తిపోతలకు మళ్లించిన నీటిని, జలాశయాల్లో పెరిగిన నిల్వను, ఆవిరైన నీటిని కలిపి, పొలాల నుంచి తిరిగి నదిలో చేరినదాన్ని తీసివేస్తేనే సహజ ప్రవాహం, అంటే ఈ మళ్లింపులు, నిల్వలు లేకపోతే నదిలో పారే నీరు, ఎంతో తెలుస్తుంది. నిల్వ తగ్గిన రోజుల్లో ఆ తగ్గుదలను కూడా తీసివేయాలి. సూత్రం తేలికే గానీ కష్టమంతా కొలతల్లో ఉంది. 10 చదరపు కిలోమీటర్ల జలాశయంలో మట్టం 1 సెంటీమీటరు తప్పుగా నమోదైతే ఆ రోజు లెక్కలో సుమారు 40 క్యూసెక్కుల తేడా వస్తుంది. వేసవిలో ఇది చిన్న అంకె కాదు, ఒక్కోసారి సహజ ప్రవాహం సున్నా కంటే తక్కువగా కూడా తేలుతుంది. అందుకే రోజువారీ లెక్క కన్నా 10 రోజుల సగటు నమ్మదగినదని నా అభిప్రాయం.

నది ఒడిశాలోని కలహండి కొండల్లో పుడుతున్నందున అక్కడి వాడకం వివరాలు కూడా తెప్పించాలి. గేట్ల విడుదల, కాలువల మళ్లింపు, జలాశయ మట్టాల రికార్డులను రోజువారీగా ప్రజలకు అందుబాటులో ఉంచి, వచ్చే ఖరీఫ్ నీటి ప్రణాళికకు ముందే ఈ లెక్కను ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
నాగావళి ఆయకట్టు రైతు