బేతంచెర్ల నత్తల గురించి నీకు

కర్నూలు

చిట్టితల్లీ,

బేతంచెర్ల సున్నపురాయి గుట్టల్లో ఏరిన గుల్లల ఫోటోలు చూసినాను. కొత్త జాతి అని ఎవరికీ చెప్పొద్దు ఇంకా. నాలుగింటిలో మూడింటికి నోటి అంచు పలచగా, పదునుగా ఉంది. అవి పిల్లనత్తలు కావచ్చు. చాలా నత్త కుటుంబాల్లో నత్త పెద్దదయినాక ఆ అంచు మందమై బయటికి మడుచుకుంటుంది. పిల్లగుల్ల చుట్లు లెక్కపెట్టి పేరు పెడితే, అది పాత జాతికే ఇంకో పేరవుతుంది.

క్రిప్టోజోనా, మాక్రోక్లామిస్ వంటి నత్త ప్రజాతుల్లో పెద్దయినా అంచు మందం కాదు. గుల్లలన్నీ అక్కచెల్లెళ్ల మాదిరి ఉంటాయి. లోపలి జననాంగాలు కోసి చూస్తేగానీ తేడా తేలదు. అందుకే ప్రాణమున్నవి కావాలి, తొలి వానలు పడినాక వెతుకు.

దొరికినదాన్ని నేరుగా స్పిరిట్‌లో వేయొద్దు. భయంతో గుల్లలోకి ముడుచుకుని గట్టిపడిపోతుంది, కోయడానికి ఏమీ మిగలదు. కాచి చల్లార్చిన నీళ్లు సీసా అంచుదాకా పోసి, గాలిబుడగ లేకుండా మూత బిగించి రాత్రంతా ఉంచు. ఊపిరాడక ఒళ్లు సాగదీసుకుని చచ్చిపోతుంది. పాపమే, అందుకే అవసరానికి మించి పట్టొద్దు. తెల్లారి జిగురు కడిగి 70 శాతం ఆల్కహాల్‌లో వేసి, మరుసటిరోజు ఆల్కహాల్ మార్చు. ఒళ్లులోని నీళ్లు దాన్ని పలచన చేస్తాయి. డీఎన్ఏ కోసం ఒకదాన్ని వేరుగా 95 శాతంలో పెట్టు. ఫార్మాలిన్ మాత్రం ముట్టొద్దు. దానిలోని ఆమ్లం గుల్లను తినేస్తుంది, డీఎన్ఏనూ పాడుచేస్తుంది.

చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయి. బాల్‌పెన్ రాత ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. అక్షాంశ రేఖాంశాలు, తేదీ, రాయి కిందనా చెట్టు బెరడు మీదనా అన్నీ రాయి. చీటీ లేని నత్తకు పేరు పెట్టే హక్కు మనకు లేదనుకో.

ఉత్త గుల్లలు చెక్కపెట్టెలో దాచొద్దు. చెక్కలోంచి వచ్చే పులుపు ఆవిరికి సున్నం తెల్లటి పొడై రాలుతుంది. గాజుసీసాలే మేలు.

సరిపోల్చేందుకు, బ్రిటిష్ కాలంలో మన దేశపు నత్తలు ఏరిన బ్లాన్‌ఫోర్డ్, బెడ్డోమ్ సేకరించిన గుల్లలు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో చాలా ఉన్నాయి. వాటి ఫోటోలు అడుగు. కొత్తదని తేలితే ఒక్క గుల్లను హోలోటైప్‌గా, అంటే ఆ జాతి పేరుకు ఆధారమైన నమూనాగా, ఎంచుకోవాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం నమూనాను నమూనాలు భద్రపరిచేందుకు ప్రభుత్వం గుర్తించిన సంస్థకు అప్పగించాలి. అడవిలోకి పోయేముందు అటవీశాఖ అనుమతి తీసుకో.

పెద్ద ఆఫ్రికా నత్త కనబడితే వట్టి చేతులతో పట్టొద్దు, ఎలుకల ఊపిరితిత్తుల పురుగు దాని ద్వారా మనుషులకు సోకుతుంది. చేతులు సబ్బుతో కడిగినాకే అన్నం తిను.

మూతలు గట్టిగా పడే సీసాలు కడిగి ఎండబెట్టి పెట్టినాను. ఈసారి వచ్చినప్పుడు తీసుకపో.

మీ అమ్మ