వార్షిక నివేదిక 2024–25: పక్కన కూర్చున్న ఏడాది

సభ్యులందరికీ ప్రభువు పేరట వందనాలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు చెన్నైలో మన తెలుగు సహవాసం చేసిన పనుల వివరం ఇది. జమాఖర్చుల పట్టిక ఆడిటరు సంతకంతో మీకు విడిగా అందింది కాబట్టి లెక్కల జోలికి ఇక్కడ పోవడం లేదు. వేసవి బైబిలు తరగతులు, స్త్రీల సమాజం ఉపవాస ప్రార్థనలు, కోత పండుగ, క్రిస్మస్ క్యారల్స్ ఎప్పటిలాగే జరిగాయి, బాగానే జరిగాయి. క్యారల్స్ వ్యాను పెరంబూరులో నడిరోడ్డు మీద మొరాయిస్తే మన యవ్వనస్థులు దాన్ని తోస్తూనే పాట అందుకున్నారట. పాట కంటే తోయడమే శ్రుతిలో ఉందని గిట్టనివాళ్ళ మాట. వీటి గురించి ఇంతకు మించి రాయను. ఈ ఏడు మన కాలమూ ఓపికా ఎక్కువగా పోయింది ఆసుపత్రి వరండాల్లో.

ఆసుపత్రి వంతులు

నెల్లూరు, ఒంగోలు, శ్రీకాకుళం వైపు నుంచి పెద్ద జబ్బులకు చెన్నై రావడం మనవాళ్ళకు తాతల నాటి అలవాటు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లోనో, సూళ్ళూరుపేట లోకల్లోనో వచ్చి సెంట్రల్ స్టేషను బయట అడుగుపెడితే ఎదురుగానే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి. ముత్తులక్ష్మి రెడ్డి గారు 1954లో అడయారులో నెలకొల్పిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి మన పల్లెల నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. ఇలా వచ్చినవాళ్ళకు మనం ఏళ్ళ తరబడి ఇస్తున్నది పులిహోర పొట్లం, నీళ్ళ సీసా.

జూన్‌లో జరిగిన సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన ఆ పొట్లం మీదే ప్రశ్న వేశారు. "2013 నుంచి ప్రభుత్వం నడిపే అమ్మ ఉణవగం క్యాంటీన్లలో రూపాయికి ఇడ్లీ, ఐదు రూపాయలకు సాంబారన్నం పెడుతున్నారు. ఆసుపత్రుల దగ్గరా ఉంది. మన పొట్లం కోసం వాళ్ళెందుకు కాచుకుని ఉండాలి?" అన్నారు. వంట చూసేవాళ్ళకు మనసు చివుక్కుమంది. స్త్రీల సమాజం వాళ్ళు మాత్రం అలగకుండా, నేరుగా వెళ్ళి రోగుల వెంట వచ్చినవాళ్ళనే అడిగారు.

నాయుడుపేట దగ్గర పల్లె నుంచి భర్తను తీసుకొచ్చిన ఒకావిడ జవాబు చెప్పింది. ఒళ్ళో బట్టల కొట్టువాళ్ళిచ్చిన ప్లాస్టిక్ కవరు, అందులో స్కాన్ ఫిల్ములు, ఆధార్ జిరాక్సులు, ఓపీ చీటీ. కవరు చెవులను చూపుడు వేలికి బిగించి చుట్టుకుని కూర్చుంది, వేలి కొస తెల్లబడిపోయింది. "తిండికేం లోటు లేదమ్మా. తినడానికి లేస్తే ఆ కాస్తలో అరవంలో పేరు పిలుస్తారేమో, మాకు తెలియదేమోనని టెన్షను. పొద్దుట్నుంచి బాత్‌రూముకు కూడా పోలేదు" అంది.

జూలై నుంచి పొట్లాలు ఆపేసి వంతులు మొదలుపెట్టాం. మధ్యాహ్నం పూట ఇద్దరేసి వెళ్తారు. కవరు పట్టుకుని రోగి పక్కన కూర్చుంటారు, టోకెన్ నంబరు ఎప్పుడు పిలుస్తారా అని చెవి అటే ఉంచుతారు. ఆ సందులో వెంట వచ్చినవాళ్ళు స్నానం చేసి, ఇంత తిని, ఊరికి ఫోను చేసుకుని వస్తారు. "ఊరికే కూర్చోవడమేనా?" అని మొదట్లో చాలామంది నసిగారు. అవును, ఊరికే కూర్చోవడమే. బైబిల్లో కష్టాల పాలైన యోబును చూడవచ్చిన స్నేహితులు ముగ్గురూ ఏడు రాత్రింబగళ్ళు నేలమీద అతని పక్కన పల్లెత్తు మాట లేకుండా కూర్చున్నంతసేపూ ఎంతో మంచివాళ్ళు. నోళ్ళు విప్పి తప్పు అతనిదే అన్నాకే తంటా వచ్చింది. అందుకే వంతుకు వెళ్ళేవాళ్ళకు కమిటీ పెట్టిన షరతులన్నీ నోటిని అదుపులో పెట్టుకోవడం గురించే. మందుల గురించి సలహా ఇవ్వకూడదు. ఫలానా చోట నూనె రాస్తే తగ్గిందట అనకూడదు. "మీ విశ్వాసం కొంచెం తక్కువైందేమో" అన్న మాట అసలే రాకూడదు. ప్రార్థన చెయ్యమని వాళ్ళడిగితే చెయ్యాలి, వాళ్ళకు వినపడేటంత గొంతుతో, పక్క మంచానికి వినపడకుండా.

తమిళం అంతగా రానివాళ్ళ కోసం సండేస్కూలు టీచర్లు ఒక పేజీ కాగితం తయారుచేశారు. వలి (నొప్పి), మయక్కం (కళ్ళు తిరగడం), రత్తం (రక్తం), సాప్పాట్టుక్కు మున్ (భోజనానికి ముందు), సాప్పాట్టుక్కు పిన్ (భోజనం తర్వాత) లాంటివన్నీ తెలుగు లిపిలో రాసి, ఎదురుగా అర్థాలు ఇచ్చారు. మడిచి జేబులో పెట్టుకోవచ్చు. ఒక ఆసుపత్రిలో గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు కొన్నాళ్ళు మనవాళ్ళను ఏజెంట్లనుకుని వెనక్కి పంపేశారు. రోగుల చుట్టూ దళారులు తిరిగే మాట నిజమే కాబట్టి వాళ్ళను అనడానికీ లేదు. పాస్టరుగారి ఉత్తరం, ఫొటో కార్డులు చూపించాక సర్దుకుంది.

ఊళ్ళలో బంధువులున్నవాళ్ళకు ఒక మనవి. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీని 2019 నవంబరులో చెన్నై, బెంగళూరు, హైదరాబాదు ఆసుపత్రులకు కూడా విస్తరించారు. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. అయితే ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో, ఎంపిక చేసిన చికిత్సలకే. "వచ్చేయండి, అన్నీ ఫ్రీనే" అని ఫోనులో చెప్పేముందు ఆ జబ్బుకు, ఆ ఆసుపత్రికి పథకం వర్తిస్తుందో లేదో అక్కడే కనుక్కుని రమ్మనండి. రైలు దిగాక వర్తించదని తెలిస్తే ఆ కుటుంబం ముఖం చూడలేం.

వడ్డించేవాళ్ళు, తినేవాళ్ళు

ప్రభురాత్రి భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం ఆరాధన తర్వాత పెట్టే భోజనం నెలనెలా కొనసాగింది. కాసిమేడు హార్బరులో పడవల మీద పనికి వచ్చిన శ్రీకాకుళం కుటుంబాలు కొన్ని మనతో కలుస్తున్నాయి. వాళ్ళలో ఒకామె చాన్నాళ్ళు చెప్పుల స్టాండు పక్కన ఆఖరి వరుసలో కూర్చునేది. తినగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయేది. మనవాళ్ళు ప్రేమగానే ఉన్నారు. "బాగున్నావా అమ్మా" అని పలకరించారు, చీర పెట్టారు, పిల్లల ఫీజు కట్టారు. ఇచ్చినకొద్దీ ఆమె ఇంకా ముడుచుకుపోయింది. సెప్టెంబరులో వంటమనిషికి జ్వరమొచ్చి, పప్పు ఎవరు చూస్తారా అని వెతుక్కుంటుంటే ఆమే లేచి కొంగు దోపుకుంది. ఆ రోజు నుంచి పప్పుగిన్నె ఆమెది. ఇప్పుడు ఆరాధనలో రెండో వరుసలో కూర్చుంటోంది. మొన్న కూరగాయలు ఆలస్యంగా తెచ్చినందుకు అధ్యక్షులవారినే గదమాయించింది. ఆయన చేతులు కట్టుకుని విన్నారు.

ఆదరించడమంటే ఇవ్వడమే అనుకోవడం మనకు అలవాటైపోయింది. కానీ ఎప్పుడూ పుచ్చుకునే చోట మనిషి చుట్టంగానే మిగిలిపోతాడు. ఇంటిమనిషికైతే పని ఉంటుంది, విసుక్కునే హక్కు కూడా ఉంటుంది. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చూడండి. యెరూషలేము సంఘంలో తొలి సణుగుడు భోజనం బల్ల దగ్గరే పుట్టింది, అదీ భాష పేరుతో. రోజువారీ పంపకంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడే యూదులు హెబ్రీయుల మీద సణిగారు. అపొస్తలులు వాళ్ళను ఓదార్చి పంపలేదు, ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. సణిగినవాళ్ళ వైపే గరిటె వెళ్ళిందన్నమాట.

ఈ ఆలోచనతోనే జనవరిలో కమిటీ ఒక తీర్మానం చేసింది. మన సహాయం అందుకున్న కుటుంబాన్ని, కాస్త కుదుటపడ్డాక, ఏదో ఒక బాధ్యత తీసుకుంటారా అని అడగాలి. తీసుకోకపోతే మళ్ళీ అడగకూడదు. పని అనేది సాయానికి వెల కట్టినట్టు కాకూడదని సుదీర్ఘంగా చర్చించే ఈ రెండో వాక్యం చేర్చాం. నాయుడుపేట ఆవిడ భర్తను రివ్యూకు తీసుకొచ్చిన రోజుల్లో తన పని అయ్యాక వరండాలోనే ఉండిపోయి మరొకరి కవరు పట్టుకుని కూర్చుంటోంది. తమిళ అంకెలు ఇప్పుడు మన కార్యకర్తల కంటే ఆమెకే బాగా వినపడతాయి.

కొత్తవాళ్ళను ఆహ్వానించే బృందానికి ఇంకో సూచన కూడా ఇచ్చాం. పేరు, ఊరు, ఫోను నంబరు చాలు, ఇంటిపేరు అడగొద్దు. ఎందుకో నేను విడమర్చి రాయనక్కర్లేదు. అది తెలిశాక మన ముఖాల్లో వచ్చే తేడాను ఎదుటివాళ్ళు ఇట్టే పసిగడతారు. బంగారు ఉంగరం వాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాడిని అక్కడ నిలబడమనే సంఘాన్ని యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో కడిగేసింది. అది చదివినప్పుడల్లా మన తెలుగు సంఘాలకే రాసినట్టు ఉంటుంది నాకు. ఈ సూచనపై కమిటీలో గట్టిగానే వాదన జరిగింది. ఒప్పుకోనివారి అభిప్రాయం మినిట్స్‌లో నమోదై ఉంది, చూడగోరినవారు చూడవచ్చు.

వానలు

అక్టోబరు మధ్యలో కురిసిన వానకు వేళచ్చేరిలో జనం కార్లను తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద పెట్టుకున్న ఫొటోలు మీరూ చూసే ఉంటారు. మన వ్యాసర్పాడి వైపు కార్ల గొడవ లేదు, మంచాల కింద ఇటుకలు పేర్చుకున్నారు. మళ్ళీ నవంబరు 30న ఫెంగల్ తుఫాను. రెండుసార్లూ మేడ మీది హాలు తెరిచాం. వచ్చినవాళ్ళలో చాలామంది మన సంఘంవాళ్ళు కారు, క్రైస్తవులూ కారు. సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి కూడిక పెడదామని కొందరు ఉత్సాహపడ్డారు. పాస్టరుగారు కూడిక కింది గదిలో పెట్టి, మైకు తీసేయించారు. "పైనున్నవాళ్ళు ఈ రాత్రి లేచి వెళ్ళిపోలేరు. లేచి వెళ్ళలేనివాళ్ళకు వాక్యం చెప్పకూడదు" అన్నారు.

ఆ రాత్రి గంజి కాగుతుండగా ఆయన క్లౌ దొర సంగతి చెప్పారు. ఒంగోలు వైపు వాళ్ళకు ఈ కథ కొత్త కాదు, మన పిల్లలకు మాత్రం కొత్త. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ పనిని కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్ళకు పని చూపించారు, కూలి ఇచ్చారు, మన తెలుగు బోధకులనే పని మీద అజమాయిషీకి పెట్టారు. అంతమంది ఆయన చుట్టూ చేరినా, కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశారు. అది ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. జనం ఆ అంకెనే గుర్తుపెట్టుకుంటారు. నాకైతే అంతకుముందు ఆగిన ఆ ఏడాదే పెద్ద సంగతి. ఆ కాలువే మన బేసిన్ బ్రిడ్జి దగ్గర మురికి నీళ్ళతో, మైలాపూరులో లోకల్ రైలు స్తంభాల నడుమ ఇప్పటికీ ఉంది. మన ముత్తాతలు కొందరు ఆ మట్టి మోసినవాళ్ళే అయి ఉండొచ్చు.

పిల్లలు

తమిళనాడులో 2006 చట్టం వచ్చాక బడిలో తమిళం తప్పనిసరి. మన పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు సెల్‌ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకుని పాడుతున్నారు. సండేస్కూలులో అరగంట తెలుగు లిపికి కేటాయించాం. తమిళ ఇళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళు కూడా పలకలు పట్టుకుని కూర్చోవడం మేం అనుకోనిది. హాస్టళ్ళలో ఉండే ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం పెట్టిన శనివారం కూడిక మాత్రం పరీక్షల సీజన్ వచ్చేసరికి పలచబడిపోయింది. దాన్ని కొత్త కమిటీ ఆలోచించాలి.

విడిచి వెళ్ళినవారు

ఈ ఏడు ప్రభువునందు నిద్రించినవారిలో ఒక రిటైర్డ్ నర్సమ్మగారు ఉన్నారు. పెళ్ళి చేసుకోలేదు, దగ్గరి చుట్టాలెవరూ లేరు. కిల్పాక్ సమాధుల తోటలో కొత్త చోటు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. సంఘంలోని ఒక కుటుంబం తమ పెద్దల సమాధిలోనే ఆమెను ఉంచడానికి ఒప్పుకుని కాగితాలన్నీ వాళ్ళే తిరిగి చేయించారు. రిజిస్టరులో బంధుత్వం దగ్గర ఏం రాయాలని గుమస్తా అడిగితే ఆ ఇంటి కొడుకు "పెద్దమ్మ" అని రాయించాడు. మూడో రోజు ప్రార్థన కూడా వాళ్ళింట్లోనే జరిగింది.

వచ్చే ఏడాదికి

ఆసుపత్రి వంతుల్లో మంగళ, గురువారాలు ఖాళీగా ఉన్నాయి. రిటైరైనవాళ్ళు, నైట్ షిఫ్టు చేసేవాళ్ళు ముందుకొస్తే బాగుంటుంది, తమిళం వస్తే మరీ మంచిది. మడతపెట్టే వీల్‌చైరు కొనడానికి కమిటీ అనుమతి ఇచ్చింది, కొటేషన్లు తెప్పిస్తున్నాం. భోజనం వంతుల్లో గిన్నెలు తోమే పనికి మగవాళ్ళ పేర్లు ఒక్కటీ రాలేదని స్త్రీల సమాజం రాతపూర్వకంగా తెలియజేసింది, దాన్ని అలాగే మీ ముందు పెడుతున్నాను. కమిటీ ఎన్నికకు నామినేషన్లు ఈ ఆదివారం ఆరాధన ముగిశాక తీసుకుంటాం. వంతుల పుస్తకం ఆఫీసు బల్ల మీద ఉంది, పెన్ను దారంతో కట్టి ఉంది, దయచేసి పట్టుకుపోవద్దు.

ఇట్లు,
కార్యదర్శి