వానకు కరిగిన ఉప్పు పంట నష్టం కాదా?

సంపాదకులకు నమస్కారం.

వేసవిలో అకాల వర్షం పడిన ప్రతిసారీ మిరప, మామిడి రైతుల నష్టం గురించి పత్రికల్లో వివరంగా వస్తుంది. అది రావలసిందే. అయితే అదే వానకు మా చినగంజాం కొఠార్లలో, అంటే ఉప్పు పండించే మళ్ళలో, కరిగిపోయిన ఉప్పు ఊసు మాత్రం ఎక్కడా కనిపించదు.

ఉప్పు మడిని ముందు కాళ్ళతో తొక్కి గట్టిపరచాలి. ఆ తరువాత ఉప్పునీటిని మడి నుంచి మడికి మళ్ళిస్తూ ఎండకూ గాలికీ వదిలితే, సముద్రపు నీరు దాదాపు పదో వంతుకు ఇగిరాక గానీ అడుగున ఉప్పు గింజ కట్టదు. అలాగని నీటిని పూర్తిగా ఎండనిస్తే మెగ్నీషియం లవణాలు చేరి ఉప్పు చేదెక్కుతుంది, చెమ్మగిల్లుతుంది. కాబట్టి ఏ రోజు నీరు తీసేయాలో తెలిసినవాడే ఉప్పు రైతు. ఇన్నాళ్ళ పని ఒక గంట వానకు మొదటికొస్తుంది. మబ్బు పట్టగానే మా నాన్నగారు తాటాకులు పట్టుకొని కుప్పల దగ్గరికి పరుగెత్తేవారు. కుప్ప దక్కేది గానీ, మళ్ళలో చిక్కబడిన నీరు మాత్రం మళ్ళీ పలచబడిపోయేది.

రాజ్యాంగం వ్యవసాయాన్ని రాష్ట్ర జాబితాలోనూ, ఉప్పు తయారీ నియంత్రణను కేంద్ర జాబితాలో 58వ అంశంగానూ ఉంచింది. ఈ అధికారాల విభజన ఎలా ఉన్నా, ఊళ్ళో అందరూ రైతు అని పిలిచే మనిషికి ఫసల్ బీమా (పంటల బీమా) వర్తించకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

పర్యావరణం దృష్ట్యా చూసినా ఇంత శుభ్రమైన వృత్తి అరుదు. ఎండా గాలీ చేసే పనికి ఖర్చు లేదు. బావి నుంచి ఉప్పునీరు తోడడానికే డీజిలో కరెంటో కావాలి. గుజరాత్‌లోని చిన్న కచ్ రణ్‌లో అగరియాలు, అంటే అక్కడి ఉప్పు రైతులు, ఆ పనికి సౌర పంపులు వాడుతున్నారు. మన తీరంలోని చిన్న రైతులకు కూడా రాయితీపై అవి ఇస్తే, ఏటా నీరు తోడడానికి చేసే అప్పు కొంతైనా తగ్గుతుంది. కుప్పలపై కప్పడానికి మంచి టార్పాలిన్లు ఇవ్వడం అంతకన్నా చిన్న పని.

ఈసారి వాన నష్టం లెక్కించడానికి వచ్చే సిబ్బంది మిరప చేల దగ్గరే ఆగిపోకుండా, కొఠారు గట్టు దాకా వచ్చి కరిగిన మళ్ళను కూడా నమోదు చేసుకొనేలా జిల్లా యంత్రాంగం ఆదేశించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఉప్పు రైతు కుమారుడు,
చినగంజాం, బాపట్ల జిల్లా.